యాభై దాటిన మగవాళ్ళలో మూడో స్థానం

"పరిగెత్తలేదు" అని రాశారేంటి మేడమ్? ఫలితాల్లో నా పేరు ఎదురుగా, ఆ గడిలో, ముత్యాల్లాంటి అక్షరాలతో, "పరిగెత్తలేదు" అని! మరి నా బొటనవేలి గోరు ఎక్కడికెళ్లిందనుకున్నారు? చూపిస్తాను, బూటు విప్పనా?

వద్దా. సరే.

లేదండీ, నేనేం అరవట్లేదు. నా గొంతే అంత. కూర్చుంటాను, కూర్చుంటాను.

మొన్న ఆదివారం మీరు పెట్టిన హాఫ్ మారథాన్. ఇరవై ఒక్క కిలోమీటర్ల వంద మీటర్లు. నేను పరిగెత్తాను. గంటా యాభై నాలుగు నిమిషాల పన్నెండు సెకన్లు. అంతకుముందు నా రికార్డు రెండు గంటల మూడు నిమిషాల నలభై ఒకటి. అంటే తొమ్మిది నిమిషాల ఇరవై తొమ్మిది సెకన్లు తగ్గించాను. కిలోమీటరుకి ఇరవై ఏడు సెకన్లు! అంటే ఏంటో మీకు నేను చెప్పక్కర్లేదు, మీరు ఈ పనిలోనే ఉన్నారు. మా అక్కకి చెప్తే, "ఇరవై ఏడు సెకన్లలో పాలు కూడా పొంగవే" అంది.

ఎనిమిది నెలలండీ. పదకొండు వందల నలభై కిలోమీటర్లు. పొద్దున్న నాలుగున్నరకి లేచి బూట్లు కట్టుకుంటుంటే, "దొంగలు కూడా ఇంటికెళ్లి పడుకునే టైమే ఇది" అని అక్క దుప్పట్లోంచే తిట్టేది.

ఇప్పుడు మీ ఫలితాల కాగితం చూసి మా అమ్మ ఏమడిగిందో తెలుసా? "పరిగెత్తలేదని వాళ్ళే రాశారు. మరి ఆదివారం ఎక్కడికెళ్లావే? అబ్బాయి ఏం చేస్తుంటాడు?" అని. అక్క ఊరుకుంటుందా? "రోజూ నాలుగున్నరకే కలుస్తున్నాడంటే పాలవాడై ఉంటాడమ్మా" అంది. లేని పాలవాడి గురించి మా ఇంట్లో మూడు రోజులుగా చర్చ జరుగుతోంది. దీనికి ఎవరండీ బాధ్యులు?

ఏంటి? స్క్రీన్ చూడమంటారా? చూస్తున్నాను.

మనిషి దాటినప్పుడల్లా టైము రాసుకునే ఆ చిప్పులు రెండు. అవును, రెండు. మొదట్లో, అయిదు, పది, పదిహేను, ఇరవై కిలోమీటర్ల దగ్గర, చివర్లో... ఆరు చోట్లా ఒకే సెకను.

అబ్బే, నాకేం తెలుసు? కలిసొచ్చి ఉంటుంది. రెండు వేల మంది పరిగెత్తితే కలవరా? ఒక చోట అయితే సెకనుకి ఇద్దరు ముగ్గురు దాటుతూనే ఉంటారు. రెండో చోట కూడా కలవాలంటే, పోనీ, యాభైలో ఒకసారి అనుకుందాం. మూడో చోటంటే రెండు వేల అయిదు వందల్లో ఒకసారి. నాలుగో చోటంటే లక్షా పాతిక వేలల్లో... అయిదో చోటంటే...

ఛ. నా లెక్కే నన్ను పట్టిస్తోంది.

ఆ రెండో చిప్పు మా మేనేజర్ గారిది. అది మీకు ముందే తెలుసా, ఆయన మెయిల్ రాశారా? ఏదీ, ఇటు తిప్పండి.

"మా ఆఫీసు అమ్మాయికి జ్వరం వచ్చింది. పాపం, తన పేరు పోకూడదని తన చిప్పు కూడా నా జేబులో వేసుకుని నేనే పరిగెత్తాను. మంచి మనసుతో చేసిన పొరపాటు, మన్నించగలరు."

మీకూ ఆ జ్వరమే చెప్పారా? నాకట!

మీరు అడిగిన తొమ్మిది నిమిషాల్లోనే జవాబు వచ్చిందా! ఆయన జీవితంలో చూపించిన వేగం అదొక్కటే మేడమ్.

పెద్దాయన కదా అని మీరు మన్నించేశారు. నా పేరు కొట్టేశారు. ఆయనకి యాభై దాటిన మగవాళ్ళలో మూడో స్థానం! ఆ విభాగంలో పదకొండు మందే అనుకోండి, అయినా మూడోదే. అది నాది మేడమ్. నాకు ఇరవై ఆరేళ్ళు, ఆడపిల్లని, యాభై దాటిన మగవాళ్ళలో నాది మూడో స్థానం!

నవ్వకండి. సరే, నవ్వండి.

చెప్తాను. ముందు ఆ పెన్ను కింద పెట్టండి.

మాది లిఫ్టులు రిపేరు చేసే కంపెనీ. ఏ మెకానిక్ ఏ బిల్డింగుకి ముందు వెళ్ళాలో చూసే పని నాది. మా మేనేజర్ గారు మొదటి అంతస్తుకి కూడా లిఫ్టే ఎక్కుతారు. "మన పని మీద మనకే నమ్మకం లేకపోతే ఎలా అమ్మాయ్" అంటారు. ఆయన పైన ఇంకో పెద్దాయన ఉన్నారు, ఆయనకి పరుగు పిచ్చి. అందుకని మా సారు ఆరేళ్ళుగా ఫోన్లో, "నేనూ రోజూ పరిగెత్తుతానండీ" అంటూ వచ్చారు. ఈ ఏడాది ఆ పెద్దాయన, "అయితే ఫలితాల్లో మీ పేరు చూస్తాను" అన్నారట.

శుక్రవారం సాయంత్రం నా బల్ల దగ్గరికి వచ్చారు. చేతిలో ఆయన నంబరు కాగితం, దాని వెనక అతికించిన చిప్పు. "మోకాలు పట్టేసింది అమ్మాయ్. ఎలాగూ నువ్వు వెళ్తున్నావుగా, ఇది కూడా జేబులో పడేసుకో. బరువేముంది, మూడు గ్రాములు! రెండున్నర గంటల్లో తీసుకొచ్చెయ్, నా వయసుకి అది మర్యాదగా ఉంటుంది." వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, "నీ పర్మనెంట్ కాగితం నా బల్ల మీదే ఉంది, మర్చిపోలేదు" అన్నారు. ఆరు నెలల్లో చెయ్యాల్సింది, ఏడాదిన్నర అయింది మేడమ్. మర్చిపోయి ఉంటే ఎప్పుడో సంతకం పెట్టేసేవారేమో!

రెండున్నర గంటలంటే కిలోమీటరుకి ఏడు నిమిషాల ఆరు సెకన్లు. అంత నెమ్మదిగా పోవడానికా నేను ఎనిమిది నెలలు చచ్చింది? నా పరుగు నేను పరిగెత్తాను. ఆయనా నాతోపాటే వచ్చారు, జేబులో, మడతపెట్టుకుని.

బుధవారం మీటింగు పెట్టారు. "నా పరుగు, నా క్రమశిక్షణ." నలభై నిమిషాలు. స్లయిడ్లు తిప్పింది ఎవరనుకున్నారు? నేనే. మొదటి అయిదు కిలోమీటర్లు ఇరవై ఏడు నిమిషాల ఇరవై సెకన్లు, "ఇక్కడ ఓపిక పట్టాను" అన్నారు. పది నుంచి పదిహేను, ఇరవై ఆరు యాభై, "ఇక్కడ లోపలి మనిషి మేల్కొన్నాడు." లోపలి మనిషి ప్రొజెక్టరు పక్కన నిలబడి ఉందండీ, కాలికి కట్టు కట్టుకుని!

అందరూ చప్పట్లు. చప్పట్లు అయ్యాక నావైపు చూసి, "నువ్వు కూడా ప్రయత్నించు అమ్మాయ్. ఈసారి జ్వరం తెచ్చుకోకు" అన్నారు.

పదిహేను నుంచి ఇరవై దగ్గర ముప్పై అయిదు సెకన్లు ఎక్కువ పట్టింది. ఒకాయన లేచి అదేంటని అడిగాడు. మా సారు కళ్ళు మూసుకుని, "అక్కడ నన్ను నేను వెతుక్కున్నాను" అన్నారు.

ఆ ముప్పై అయిదు సెకన్లు ఏంటో నాకు తెలుసు. లేసు ఊడిందని అక్కతో చెప్పాను. లేసు కాదు.

పదహారో కిలోమీటరు దగ్గర నీళ్ళ బల్ల ఉంది చూడండి, దాని పక్కన చెత్తడబ్బా. అక్కడ ఆగాను. జిప్పు తీసి ఆయన చిప్పు బయటికి తీశాను. ఇదే వేగంతో వెళ్తే ఆయన టైము చూసి ఎవరైనా పట్టేస్తారు కదా, పడేస్తే పీడా పోతుంది, దారిలో పడిపోయిందని చెప్పొచ్చు అనుకున్నాను. చెయ్యి డబ్బా మీదే ఉంది మేడమ్. నీళ్ళు ఇచ్చేవాళ్ళు, "పడెయ్యమ్మా, పడేసి పరిగెత్తు!" అని అరుస్తున్నారు. వాళ్ళు ఖాళీ గ్లాసు అనుకున్నారు.

పడెయ్యలేదు.

భయపడ్డాననుకుంటున్నారు కదా? అలా అనుకోనిస్తే నాకే మంచిది. కానీ నేను లెక్క వేశాను. యాభై దాటినవాళ్ళు పదకొండు మంది. పోయినేడాది మూడో ఆయన టైము గంటా యాభై ఏడు. నాకు కంఠతా వచ్చు, నాకు అన్ని టైములూ వచ్చు. ఇదే వేగంతో వెళ్తే ఈయనకి బహుమతి వస్తుంది. వస్తే ఉబ్బిపోతారు. ఉబ్బిపోతే సంతకం పెడతారు. మళ్ళీ జేబులో పెట్టి జిప్పు వేశాను. చివరి కిలోమీటరు ఎవరి కోసం అంత గట్టిగా పరిగెత్తానో... నిజంగా చెప్పలేను.

లెక్క తప్పలేదు. నిన్ననే ఇచ్చారు పర్మనెంట్ కాగితం. "నిజాయితీ గల ఉద్యోగిని" అని ప్రత్యేకంగా రాసి మరీ సంతకం పెట్టారు.

మరి ఎందుకొచ్చానంటారా? కావలసింది దక్కింది, ఇంట్లో కూర్చోవచ్చు కదా? అక్కా అదే అంది. రాత్రి మీ పేజీ తెరిచి ఆ పదం మళ్ళీ చూశాను. పరిగెత్తలేదు. నేను మోసం చేశాను అని రాసి ఉంటే పడేదాన్ని మేడమ్. పరిగెత్తలేదు అంటే పడలేకపోతున్నాను.

అవును, ఈ ఫోటోలో ఉన్నది నేనే. నోరు అలా తెరుచుకుని ఉందేంటి! ఫిర్యాదు వస్తేనే ఫోటోలు తెరుస్తారా? పోనీలెండి. ఫిర్యాదు ఇచ్చేశానుగా.

నిబంధన తెలుసు. చిప్పు ఇచ్చినవాళ్ళూ, మోసినవాళ్ళూ ఇద్దరూ అవుట్, రెండేళ్ళు ఏ పరుగులోనూ ఉండకూడదు. సాయంత్రం అయిదుకి ఫలితాలు ఖాయం చేస్తారు, మా ఆఫీసుకి ఉత్తరం వెళ్తుంది. సోమవారం నా బల్ల మీద ఇంకెవరో కూర్చుంటారు. ఆయనకేమీ కాదు, చూడండి. పెద్దమనసు వల్ల మోసపోయానని ఇంకో మీటింగు పెడతారు. స్లయిడ్లు తిప్పడానికి కొత్తమ్మాయి దొరుకుతుంది.

సంతకం ఎక్కడ? ఇక్కడేనా?

పెట్టాను. ఇక కొట్టేయండి. కానీ ఒక్క చిన్న పని చేసిపెట్టండి మేడమ్. ముందు ఆ "పరిగెత్తలేదు" తీసేసి, నా పేరు ఎదురుగా టైము రాయండి. ఒకటి, యాభై నాలుగు, పన్నెండు. రాశాక దాని మీద గీత కొట్టండి.

కాస్త సన్నగా కొట్టండి.