ఎడమకి జరిగిన గీత

కిందకి చూడకు! కిందేముంది, నీ మొహం? ఇటు చూడు, ఈ నట్టు వైపు. మూడో వరస, పైనుంచి రెండోది. చూశావా? చూడవు. ఎందుకు చూస్తావులే, నీ కింద పనిచేసే కుర్రాళ్లు గీసిన బొమ్మే కదా!

ఆ మీట జోలికెళ్లకు. తాళం తీసి నా జేబులో పెట్టుకున్నాను. నేను చెప్పేదాకా ఈ లిఫ్టు బుట్ట దిగదు. పద్దెనిమిది మీటర్ల ఎత్తులో మామా అల్లుళ్లం ఇద్దరమే ఉన్నాం. అడ్డం పడడానికి నీ పెళ్లాం లేదు, మీ అత్త అంతకన్నా లేదు. బెల్టు కొక్కెం తగిలించుకున్నావా? తగిలించుకో. నిన్ను తోసేస్తానని కాదు. తోసెయ్యాలనే ఉంది, అది వేరే సంగతి.

ఏంటి, నీళ్లు నములుతున్నావ్? ఇంజనీరు లిస్త్యమ్మ అడిగిన బోల్టుల ఫొటోనా? ఆ, తీద్దాం. ముందు నీ మొహం ఫొటో తీసి మీ ఆవిడకి పంపుతాను.

ముప్పై నాలుగేళ్లు, సాహత్! ఈ బాతామ్ దీవిలో ముప్పై నాలుగేళ్లుగా బోల్టులు తనిఖీ చేసి అన్నం తింటున్నాను. ఓడల షెడ్లు, వంతెనలు, ఆ కొండ మీది చర్చి కప్పు... మంగాతాస్ సంతకం ఉందంటే ఇంకెవరూ నిచ్చెన ఎక్కి చూసేవాళ్లు కాదు. అలాంటి పేరు! అత్త సొమ్ము అల్లుడు దానం అంటారు. నువ్వు మామ పేరు తీసుకెళ్లి దానం చేశావు.

బోల్టు బిగించడం ఎలాగో చెప్పు. చెప్పవోయ్, పరీక్ష అనుకో.

సరే, నేనే చెప్తా. ముందు పానా పెట్టి చేతి బలం కొద్దీ బిగిస్తాం. అప్పుడు పెయింటు పెన్నుతో గీత గీస్తాం. బోల్టు మొన మీంచి నట్టు మీదుగా ఇనప పలక దాకా, తిన్నగా, ఒకటే గీత. ఆ తర్వాత మిషను పెట్టి నట్టుని ఇంకో మూడో వంతు చుట్టు తిప్పుతాం. గీత విరుగుతుంది. బోల్టు మీది ముక్క ఉన్నచోటే ఉంటుంది, నట్టు మీది ముక్క కుడికి జరుగుతుంది. గీత విరిగి కనపడితే బోల్టు బిగిసినట్టు. అంతేనా?

మరి ఇదేంటి? దీని మీద గీత ఎడమకి జరిగింది! ఎడమకి! ఏ దేశంలో నాయనా, ఎడమకి తిప్పితే నట్టు బిగిసేది? 

మీవాళ్లలో ఒకడు అవతలి పక్క నిలబడి, చెయ్యి చుట్టూ పోనిచ్చి గీసుంటాడు. అద్దంలో చూసి పాపిడి తీసుకున్నట్టు తారుమారైంది. అసలు నట్టు తిప్పితే కదా గీత జరగడానికి? తిప్పలేదు! విరిగిన గీతే గీసేశారు. విరిగినట్టుగా బొమ్మ వేసేశారు!

కాదంటావా? మూలలు చూడు. మిషను పట్టి తిప్పితే మూలల్లో పూత చెక్కుకుపోయి ఇనుము మెరవాలి. వీటికి గోటిగీటు కూడా లేదు. పెళ్లికూతురి చెంపల్లా నున్నగా ఉన్నాయి. ఇందాక నీ ఎదురుగానే పానా పెట్టి తిప్పాను కదా? తిరిగింది! అరవై రెండేళ్ల ముసలాడి చేతికి కిర్రుమని కూడా అనకుండా తిరిగింది! ఈ ఒక్క అతుకులో నలభై ఎనిమిది బోల్టులున్నాయి సాహత్. కప్పుని మోసే ఈ రెండు ముక్కల ట్రస్సుని కలిపి పట్టుకుని ఉన్నవి ఇవే.

ఏంటీ, గట్టిగా చెప్పు. గాలికి వినపడట్లేదు.

మిషనా! మిషను అద్దెకిచ్చినవాళ్లు, కొలత సరిగా చూపిస్తోందో లేదో పరీక్ష చెయ్యాలని పట్టుకెళ్లి తొమ్మిది రోజులు తేలేదా? అయితే? అయితే ఏం చెయ్యాలి? పని ఆపాలి. ఆపి నాకు చెప్పాలి. తొమ్మిది రోజులు పేకాడుకోండి, ఎవడు కాదన్నాడు?

లిస్త్యమ్మ రోజూ అడిగిందా? అడుగుతుంది, దాని పనే అడగడం. క్రేను వాళ్లు ఒక పక్క, రేకుల వాళ్లు ఇంకో పక్క నెత్తిన కూర్చున్నారా? కూర్చుంటారు. ఈ ఇనప కట్టడాల పనిలో ఎవడి తొందర వాడిది. బోల్టుకి మాత్రం తొందర లేదు. దానికి మూడో వంతు చుట్టు కావాలి, అంతే.

'ముందు గీతలు గీసి పెడదాం, మిషను రాగానే బిగించేద్దాం అనుకున్నా మామయ్యా.' ఆహాహా! ఎంత ముద్దుగా చెప్తున్నావు! మిషను వచ్చింది కదా, పోయిన మంగళవారం? వచ్చాక ఎందుకు బిగించలేదు?

ఊఁ?

ఓరి నాయనో. ఏది బిగించిందో, ఏది బొమ్మో నీకే తెలీలేదా? అన్నీ ఒకేలా కనపడుతున్నాయా? ఇంకోసారి చెప్పు. మధ్యలో రెండు రోజులు పక్క సైటు మిషను అడుక్కొచ్చి కొన్ని నిజంగా బిగించారు. మిగతావి గీశారు. ఏవేవో రాసుకోలేదు. బిగిసినదాన్ని మళ్లీ తిప్పితే బోల్టు సాగి పాడైపోతుంది కదా, అందుకని భయపడి దేన్నీ ముట్టుకోలేదు. అంతేనా? నా మీద వేసిన ఎత్తు నీకే తగిలిందన్నమాట! నవ్వాలో ఏడవాలో తెలీట్లేదురా.

మనవాళ్లు ఏమంటారు సాహత్? పిల్లనిచ్చినవాడు కంటికి కనపడే దేవుడు అంటారు. ఏ బాతక్ ఇంట్లోనైనా, పెళ్లిలో గానీ చావులో గానీ, అల్లుడి తరఫువాళ్లు పంది కోసి వండాలి, మామ తరఫువాళ్లు కూర్చుని తినాలి. నీ పెళ్లిలో నీ భుజాల మీద ఉలోస్ శాలువా కప్పినవి ఈ చేతులే. అప్పుడు నీ కళ్లలో నీళ్లు తిరిగితే, మంచి పిల్లాడే అనుకున్నాను. ఏ దేవుడికైనా ఇలాంటి నైవేద్యం పెడతారట్రా? ఉత్తుత్తి బోల్టులు, పైన తెల్ల రంగు!

పొద్దున రోతువా ఫోన్ చేసింది. నీ పెళ్లామే. 'ఇవాళ పైకెక్కుతావా నాన్నా?' అంది. ముప్పై ఏళ్లలో దాని నోట ఎప్పుడూ రాని మాట! నా మోకాలి మీద ప్రేమ అనుకున్నాను. మురిసిపోయాను కూడా. 'ఫొటో కావాలందట తల్లీ, ఎక్కాల్సిందే' అన్నాను. 'ఎక్కితే కళ్లజోడు పెట్టుకో' అని పెట్టేసింది. దానికీ తెలుసన్నమాట. ఇల్లిల్లంతా తెలుసు, నాకు తప్ప!

దాన్నేమీ అనొద్దంటావా? నువ్వు చెప్పాలా నాకు? నా కూతురు అది.

ఇవాళేం పడదు మామయ్యా అంటావా? ఆ మాట నాకూ తెలుసులే. ఇవాళ పడదు, రేపు పడదు. చేత్తో బిగించింది కూడా కొన్నాళ్లు మోస్తుంది. డిసెంబరులో ఉత్తరపు గాలి మొదలవుతుంది చూడు, అప్పుడు ఆ గాలి వీచినప్పుడల్లా అతుకు కొంచెం జరుగుతుంది. కొంచెం, ఇంకొంచెం. ఒక నట్టు వదులవుతుంది, దాని బరువు పక్కదాని మీద పడుతుంది. డిసెంబరులో ఈ ఓడరేవు హాల్లో ఎవరుంటారు? చెప్పు, ఎవరుంటారు? క్రిస్మస్‌కి ఊరెళ్లే ఓడ కోసం మనవాళ్లే కదా ఉండేది! అట్టపెట్టెలు తాళ్లతో కట్టుకుని, వాటి మీదే పిల్లల్ని పడుకోబెట్టి, తెల్లవార్లూ కూర్చునేది మనవాళ్లే కదా! మీ అమ్మ రాదా? నీ పెళ్లాం వెళ్లదా?

ఏడవకు. నాకు చిరాకు.

ఇంకో సంగతి చెప్పు. అసలు సంగతి అడగడానికే భయమేసి ఇందాకట్నుంచి అరుస్తున్నాను. ఇది ఆరో ట్రస్సు. భోజనాలయ్యాక నేను సంతకం పెడితే దీని కింది ఊతలు తీసేస్తారు. మిగతా ఐదింటి కిందా తీసేశారు. మిషను ఎప్పుడు పోయింది? ఏ ట్రస్సు దగ్గర?

వేలు చూపించకు, నోటితో చెప్పు.

మూడోదా.

మూడు. నాలుగు. ఐదు.

వాటి కింద ఎవరో ఉన్నారు కదా? అటు చూడు, నీ కళ్లు మంచివి. టైల్స్ వాళ్లా? ఎంతమంది? పన్నెండా, పదమూడా? అన్నం మూటలు విప్పుతున్నారా? నీడగా ఉందని అక్కడే కూర్చున్నారు పాపం.

ఆ మూడింటికీ సంతకం పెట్టింది నేను.

అనవేం? అనవోయ్! ఇందాకట్నుంచి నీ గొంతులో ఆడుతూనే ఉంది ఆ మాట. 'నువ్వు చూడలేదా మామయ్యా?' అను! నేనైతే ఎప్పుడో అనేసేవాణ్ణి. నువ్వు అనవు, పిల్లనిచ్చిన దేవుణ్ణి కదా. దేవుణ్ణి ఎవరూ ఏమీ అడగరు.

మొదటి ట్రస్సప్పుడు నేను బుట్ట ఎక్కబోతుంటే నువ్వే ఆపావు, గుర్తుందా? 'మీకెందుకు మామయ్యా ఈ శ్రమ, ఇలా కూర్చోండి' అని టార్పాలిన్ నీడలో కుర్చీ వేశావు. కాఫీ తెచ్చావు. బైనాక్యులర్ చేతిలో పెట్టావు. అప్పటికి నీ మనసులో ఏ పాపం లేదు. ఒట్టి మర్యాదే. మామని కూర్చోబెట్టాలి, అల్లుడు పరుగెత్తాలి, అంతే. ఒకటి, రెండు ట్రస్సులు నువ్వు నిజంగానే బిగించావు, నాకు తెలుసు.

నేనెందుకు కూర్చున్నాను? పైకెళ్లాలని రూలుంది. ప్రతి అతుకులో కొన్ని నట్లకి పానా పెట్టి చూడాలని రూలుంది. రూలు రాసినవాళ్లకి నేనే పాఠాలు చెప్పాను! అయినా కూర్చున్నాను. కాఫీ బావుంది. కుర్రాళ్లంతా దణ్ణం పెట్టుకుంటూ పోతున్నారు. 'చూడు, మంగాతాస్‌కి ఎలాంటి అల్లుడు దొరికాడో' అని కల్లు దుకాణంలో చెప్పుకుంటారని... ఛ!

ఈయన గీతలే చూస్తాడు, అవీ కింద కూర్చుని చూస్తాడు అని మీకు నేర్పింది ఎవరు? నేనే కదా. ఏది చూస్తే అది పెట్టారు మీరు.

ఆగు. ఇంకా ఉంది. దాన్ని కూడా ఇక్కడే కక్కేస్తే నయం.

ఆ బైనాక్యులర్‌లో నాకేం కనపడేదో తెలుసా? తెల్లగా మసక. అంతే. కుడి కంట్లో పొర కమ్మి రెండేళ్లయింది. ఎడమది కూడా దాని వెనకే వెళ్తోంది. గీత విరిగిందా, తిన్నగా ఉందా? ఎవడికి తెలుసు! నేనేమో బైనాక్యులర్ కళ్లకి ఆనించుకుని 'ఊఁ, చదువు' అనేవాణ్ణి. నువ్వు పైనుంచి వాకీటాకీలో 'అన్నీ విరిగాయి మామయ్యా' అనేవాడివి. నేను టిక్కు పెట్టేవాణ్ణి. నువ్వు సూర్యుడు విరిగాడన్నా టిక్కు పెట్టేవాణ్ణే! ఇవాళ ముక్కు ఆనేంత దగ్గరికి వచ్చాను కాబట్టి ఈ ఎడమ గీత కంటపడింది. లేకపోతే ఇది కూడా పాసే.

మరి ఏటేటా కళ్ల పరీక్ష ఎలా పాసయ్యానా? నీకు నవ్వొస్తుంది. ఆ గోడ మీద అక్షరాల పటం ఉంటుంది కదా, పదేళ్లుగా ఒకటే పటం. బట్టీ పట్టాను. పోయినేడాది అక్కడి నర్సు పిల్ల కింది వరస చదవమంటే టకటకా చదివేశాను. 'ఈ వయసులో ఎంత చూపు తాతగారూ!' అని మెచ్చుకుని ముద్ర కొట్టింది. ఇంటికొచ్చి మీ అత్తకి కోడికూర వండమన్నాను, ఘనకార్యం చేశానని. అక్షరాలు కనపడకుండానే కనపడ్డట్టు... నీ గీతకీ దానికీ తేడా ఏముంది? చెప్పు. నేను రెండేళ్ల ముందు మొదలుపెట్టాను, అదే తేడా. తిలాపాపం తలా పిడికెడు. నాది రెండు పిడికిళ్లు.

వద్దు, కాళ్లు పట్టుకోకు. బుట్ట ఊగుతోంది. లే.

రాత్రుళ్లు మనిద్దరమే ఎక్కి బిగించేద్దామా? ఎవరికీ చెప్పకుండానా? ఎలా బిగిస్తావు, ఏది బిగిసిందో నీకే తెలీదు కదా! అన్నీ ఊడదీసి కొత్త బోల్టులు వెయ్యాలి. దొంగచాటుగా అయ్యే పని కాదిది. ఈలోగా ఆ పదమూడు మంది అక్కడే అన్నం తింటూ ఉంటారా?

ఇలా ఇవ్వు ఆ వాకీటాకీ. నీ పేరు నువ్వు చెప్పుకో. నేను కాపాడను, ఇరికించను. నా పేరు మాత్రం ముందు నేనే చెప్పాలి.

ఏది నొక్కాలి, ఇదేనా?

లిస్త్యమ్మా... లిస్త్యమ్మా, మంగాతాస్‌ని. మూడు, నాలుగు, ఐదు ట్రస్సుల కింద ఎవరూ ఉండకూడదు. ఇప్పుడే. అన్నం చేత్తో పట్టుకునే బయటికి రమ్మను. ఊతలు మళ్లీ పెట్టించు. ఆరో దాని కింద ఊత ముట్టుకోవద్దు... ఆ, నిజమే చెప్తున్నా... బోల్టులు బిగించలేదు... నేను పాస్ చేశాను, అవును. చూడకుండా చేశాను... లేదమ్మా, మర్చిపోయి కాదు. నాకు కళ్లు కనపడవు.

అంతే.

కదిలారా వాళ్లు? చూసి చెప్పు. అందరూనా? లెక్కపెట్టు. సరిగ్గా లెక్కపెట్టు, ఈసారి నిజం చెప్పు... పదమూడా. సరే.

ఇదిగో తాళం. తీసుకో. బుట్ట దించు.

అలా చూస్తావేం? నువ్వే దించాలి. ఆ మీట మీద పైకీ కిందకీ ఉన్న బాణం గుర్తులు నాకు ఎప్పుడు కనపడ్డాయి గనక!