బాబ్జీ పాత ఇంగ్లీషు, భావనపాడు ఓడ

ఆ శుక్రవారం పొద్దున్నే గంగమ్మ, నాగమణి నడిపే టీ బడ్డీకి వచ్చింది ఆటో ఎక్కడానికి కాదు, ఎక్కనని చెప్పడానికి. వారానికి రెండుసార్లు పలాస వెళ్ళి, చేతికి సూదులు గుచ్చించుకుని, రక్తం శుభ్రంచేసే మిషను పక్కన గంటలకొద్దీ పడుకోవడం ఆమెకు విసుగెత్తిపోయింది. ఉద్దానంలో కిడ్నీ జబ్బు తెలియని వీధి లేదు, కొత్తగా ఏడవడానికేమీ లేదు. అయినా ఇక చాలనిపించింది. కొడుకూ కోడలూ జీడితోట పనికి వెళ్ళేదాకా ఆగి, వాళ్ళకో మాటైనా చెప్పకుండా బయల్దేరింది.

"నాను రాను బాబ్జీ. ఇయ్యాలే కాదు, ఇంకెప్పుడూ రాను," అని బెంచీ మీద కూలబడింది.

ఆటో తోలే బాబ్జీ బతిమాలతాడనుకుంది. వాడు "సరే అత్తా" అనేసి, టీ చెప్పి, పక్కనే చతికిలబడి కోతలకు దిగాడు. కోతల్లో వాడికి ఊరంతా పేరుంది. రిటైరైన ఇంగ్లీషు మేష్టారు నీలకంఠంగారి పుణ్యమా అని ఈమధ్య వాటికి పాత ఇంగ్లీషు కూడా తోడైంది. ఆ మేష్టారు అక్కడే పేపరు చదువుకుంటున్నారు.

"మొన్నొక దొరసాని నా ఆటో ఎక్కినాది నాగమణీ. జీడిపప్పు బేరానికొచ్చిందట. దిగుతా 'నైస్ ఆటో' అన్నాది. అరికాలి మంట నెత్తికెక్కిపోనాది నాకు. అమ్మా, మీ ముత్తాతల కాలంలో నైస్ అంటే తెలివితక్కువోడని అర్థం, నా ఆటోకి తెలివి లేదంటావేటి అని నిలేసినాను. ఆ తర్వాత ఏటైందో తెలుసా? నడిరోడ్డు మీద దండమెట్టేసినాది!"

"నిజమేనా మేష్టారూ?" అంది నాగమణి, టీ తిరగబోస్తూ.

"అర్థం వరకూ నిజమే. కొన్ని వందల ఏళ్ళ కిందట నైస్ అంటే మూర్ఖుడనే. దొరసాని సంగతి వాణ్ణే అడుగు," అన్నారాయన పేపరు దించకుండా.

మేష్టారి సాక్ష్యం దొరికేసరికి బాబ్జీకి పట్టపగ్గాల్లేకుండా పోయాయి.

"అదెళ్ళి వాళ్ళ దేశంలో సెప్పేసినాది. ఇంకేటుంది, అక్కడి ఇంగ్లీసు పండితులందరూ ఓడెక్కేసి భావనపాడు రేవుకొచ్చేసినారు. ఓడంటే అలాంటిలాంటి ఓడ కాదు. మూతి భావనపాడులో ఉంటే తోక అల్లంత దూరాన డొంకూరులో ఉన్నాది. అందులో ముసలి పండితుడు నన్ను సూసి 'సిల్లీ ఫెలో' అన్నాడు. మిగతావోళ్ళు గజగజలాడిపోనారు, బాబ్జీ కొట్టేత్తాడని. నాను నవ్వి ఆయనకి సాలువా కప్పినాను. ఎందుకో తెలుసా? సిల్లీ అంటే ఎనకటికి దేవుడి సల్లని సూపున్నోడని!"

"అదీ నిజమే," అన్నారు మేష్టారు. ఈసారి పేపరు కొంచెం దించారు.

గంగమ్మ నవ్వకూడదని పెదవులు బిగించుకుంది. పలాస ఆసుపత్రిలో తన మంచం తన కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. కాసేపు ఆగితే ఇంకొకరికి ఇచ్చేస్తారు. ఇచ్చేస్తే ఇయ్యనీ అనుకుంది. కానీ చెవి మాత్రం బాబ్జీ వైపే ఉంది.

"ఆ రోజు ఓడలో గొడవ. వంటోడు మీట్ తప్ప మరోటి వండనన్నాడు. పండితుల్లో సగంమంది మాంసం ముట్టరు. కత్తులు దూసేసుకున్నారు. నాను మధ్యలోకెళ్ళి, ఓరి పిచ్చోల్లారా, పూర్వం మీట్ అంటే తిండిరా, ఏది తిన్నా మీటే అని సెప్పి, జీడిపప్పేసి ఉప్మా వండించినాను. తిన్నారు బాబూ! తిని తిని ఓడ బరువెక్కి ఇసకలో కూరుకుపోనాది. ఆ తర్వాత ఏటైందో తెలుసా?"

"ఏటైంది బావా?" అంది నాగమణి.

"నా ఆటోకి కొబ్బరితాడు కట్టి లాగినాను. టెక్కలి దాటించినాను. పలాస రైలు గేటు కాడ గూడ్సు అడ్డొచ్చింది గానీ, లేపోతే వాళ్ళ దేశం దాకా లాగేద్దును!"

"గేటు కాడ ఓడాగితే ఎవరూ సూడలేదేటి?"

"మొన్న మంగళారం మీరంతా ఎక్కడున్నారు? పనుల్లో ఉన్నారు. పొద్దుటేల నుంచి సందేల దాకా నానొక్కణ్ణే లాగినాను."

"ఏ మంగళారంరా?" అంది గంగమ్మ.

మిగతా వారాలు కలగాపులగమైపోయినా, మిషను పెట్టే మంగళవారం, శుక్రవారం గంగమ్మకు ఎప్పుడూ గుర్తే.

"మంగళారం పొద్దుటేల నుంచి నువ్వు నా మంచం పక్కన స్టూలు మీద కూకున్నావు. నాకు పిక్కలు పట్టేత్తే పిసికినావు. మధ్యాన్నం బేరాలొత్తే వద్దని ఫోన్ కట్టేసినావు. ఇడ్లీ నాకెట్టి నువ్వు తినలేదు. మరి ఓడెప్పుడు లాగినావు?"

నాగమణి నవ్వబోయి ఆగిపోయింది. మేష్టారు పేపరు పూర్తిగా మడిచేశారు. బాబ్జీ లేచి వెళ్ళి, శుభ్రంగానే ఉన్న ఆటో అద్దం తుడవడం మొదలెట్టాడు. కన్నకొడుకులాగా తనని చూసుకున్నవాడికి ఒక మంచిమాటైనా చెప్పకుండా ఇంకెప్పుడూ రానని ఎలా అనేశానని గంగమ్మ మనసు కలుక్కుమంది. చీరచెంగుతో కళ్ళు ఒత్తుకుని లేచి, తిన్నగా వెళ్ళి ఆటోలో కూర్చుంది.

"సెయ్యనివన్నీ సెప్పుకుంటావు, సేసింది ఒక్కటీ సెప్పుకోవు. నువ్వు సేసింది ఊరందరికీ నాను సెప్పాల. అది సెప్పడానికైనా బతకాల. తియ్యి ఆటో."