తొమ్మిదో అంకె

భార్య వంటింట్లో గిన్నెలు కడుగుతోంది. కాలేజీ నుంచి అప్పుడే వచ్చిన భర్త, లెక్కల లెక్చరర్, గుమ్మంలోనే ఆగి, కోపమా అని అడిగాడు.

“కోపమా? నాకా? ఎందుకూ? మీ కాలేజీ స్టాటిస్టిక్స్ మేడమ్ కూరగాయల కొట్లో కనిపించింది, అంతే.”

“ఏమంది?”

“మీ సంఖ్య చాలా బాగుందంది.”

“ఏ సంఖ్య?”

“ఏ సంఖ్యా? ఏడు కోట్ల ముప్ఫై తొమ్మిది లక్షల ముప్ఫై తొమ్మిది వేల నూట ముప్ఫై మూడు. మన ఎనిమిదంకెల సంఖ్య.”

“అదా... క్లాసులో బోర్డు మీద రాశాను. అటు వెళ్తూ చూసుంటుంది.”

“చూడగానే దాని గుణగణాలన్నీ తెలిసిపోయాయా? చివర్నించి ఒక్కో అంకె తీసేస్తూ పోయినా మిగిలేది ప్రధాన సంఖ్యేనట. దేంతోనూ భాగం పోదట. నాకు చెప్తోంది! పెళ్ళైన వారానికి మీరు నాతో అన్న మాటలు, పొల్లు పోకుండా.”

“లెక్క ఎవరు చెప్పినా అలాగే ఉంటుంది.”

“నవ్వుతూ చెప్పింది. ఒళ్ళు మండిపోయింది నాకు.”

“ఇంత చిన్నదానికి...”

“ఆగండి. దాని వెనక తొమ్మిదో అంకె కుదరదట. ఆ రకంలో ఇదే ఆఖరిదట. ఎప్పుడో తేల్చేశారట. మీకు తెలీదా?”

“అది కాదు...”

“సరి అంకెలు వద్దు, అయిదు వద్దు అన్నారు. ఒకటి పెట్టినా ఏడు పెట్టినా మూడుతో పోతుందని నేనే చెప్పాను. ఎంత మెచ్చుకున్నారు! మూడు పెడితే నూట ఇరవై ఏడుతో పోయింది. తొమ్మిది ఒక్కటే మిగిలింది. దానికోసం రోజూ మీ పక్కన కూర్చుని ఒక్కో ప్రధాన సంఖ్యతో భాగిస్తున్నాను. రెండు వందలు దాటాం. పొయ్యి మీద కూర మాడినా లేవలేదు. తెలుసా, తెలీదా?”

“తెలుసు.”

“ఎప్పట్నించి?”

“నీకు చెప్పకముందు నుంచే.”

“మరి నాతో ఎందుకు వెతికించారు?”

“తెలుసంటే అక్కడితో అయిపోయేది. నువ్వు లేచి వెళ్ళిపోయేదానివి. అలా పెన్సిల్ కొరుక్కుంటూ నా పక్కన కూర్చుంటావు చూడు, నాకది కావాలి.”

“ఈ మాట నిన్న చెప్పుంటే పొంగిపోయేదాన్ని.”

“ఇవాళేమైంది?”

“ఆవిడకి ఏ సంఖ్య ఇచ్చారు?”

“ఆవిడకి నేనేం...”

“రోజూ గంట ఆలస్యంగా వస్తున్నారు. నాకిచ్చినట్టే ఆవిడకీ ఒకటి ఇచ్చుంటారు, వెతకమని. దాని జవాబు కూడా మీకు ముందే తెలుసుగా? తెలుసనండి చాలు. ఇంకేం అడగను.”

“లేదు. దాని సంగతి నాకూ తెలీదు. ఇద్దరం నిజంగానే వెతుకుతున్నాం.”