మా మేనకోడలు సర్దిన వంటగది

“పెట్టను! నా చెయ్యి విరగ్గొట్టినా ఆ కాగితం మీద సంతకం పెట్టను!”

ఈ కేక వీధి చివర టైలరు కొట్లో బయల్దేరి, ఇస్త్రీ బండి దాటి, మా వరండాలో పేపరు చదువుకుంటున్న నా చెవిలో పడింది. ఇరవై ఏళ్ళుగా చూస్తున్నాను, మా టైలరు గొంతు పెంచగా ఎప్పుడూ వినలేదు. కొలతలు తీసేటప్పుడు “కాస్త చెయ్యెత్తండి” అనడానికి కూడా మొహమాటపడే మనిషి. అలాంటివాడు అరిచాడంటే విషయం ముదిరిందన్నమాట.

విషయం నాకు తెలుసు. ఆయన కూతురు డిగ్రీలో సోషల్ వర్క్ చదువుతోంది, రెండో ఏడు. మా ఇంట్లోనే ఉంటున్న మా అక్క కూతురిది కూడా ఆ కాలేజీలోనే అదే చదువు, ఒక ఏడాది ముందు. వాళ్ళ కాలేజీకీ విదేశంలో ఒక కాలేజీకీ ఒప్పందం ఉంది. ఇక్కడి పిల్ల ఐదు నెలలు అక్కడికెళ్ళి చదువుతుంది, అక్కడి పిల్ల ఇక్కడికొస్తుంది. పోయినసారి మా మేనకోడలు వెళ్ళి, పది రోజుల కిందటే తిరిగొచ్చింది. ఈసారి ఎంపికైంది టైలరు కూతురు. రేపు పొద్దున పదిలోగా తండ్రి సంతకంతో కాగితం కాలేజీ ఆఫీసులో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది.

నేను ఊరుకుంటానా? ఈ వీధిలో నన్ను మైకు అంటారు. కరెంటు లేకపోయినా మోగుతానని.

“టైలరూ! ఇలా రావయ్యా! ఆదివారం పూట ఆ అరుపులేమిటి?”

మెడలో టేపుతో, చేతిలో కాగితంతో వచ్చాడు. వెనకాలే కూతురు, ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రగా చేసుకుని గేటు దగ్గరే ఆగిపోయింది. ఆ వెనకాల పిలవకుండానే రిటైరైన కండక్టరు కూడా వచ్చాడు. ఆయన రాని పంచాయితీ మా వీధిలో జరగదు.

“ఒంటరి ఆడపిల్ల అన్నయ్యా. ముక్కూ మొహం తెలియని దేశం. దానికేమైనా అయితే?” అన్నాడు టైలరు, మెట్టు మీద కూలబడుతూ.

“ఏమవుతుందయ్యా? మా పిల్ల వెళ్ళి రాలేదూ? అసలు మా పిల్ల అక్కడ ఏం చేసిందో నీకు తెలుసా? తెలిస్తే రెండు చేతులతోనూ సంతకం పెడతావు. కూర్చో చెబుతాను.”

కండక్టరు అప్పటికే నా కుర్చీలో కూర్చున్నాడు.

“వెళ్ళిన మర్నాడే,” అని మొదలుపెట్టాను, “ఎవర్నీ దారి అడక్కుండా మూడు బస్సులు మారి, కాలేజీవాళ్ళు పని నేర్చుకోమని పంపిన ఆఫీసుకి చేరుకుంది.”

“మూడు బస్సులా? మంచిదే,” అన్నాడు కండక్టరు. ఇంతవరకూ నిజమే, దేవుడి మీద ఒట్టు.

“వాళ్ళ చదువులో సగం పుస్తకం, సగం ఫీల్డు వర్కు. అంటే జనం ఇళ్ళకి వెళ్ళి కష్టసుఖాలు కనుక్కోవడం. మొదటి ఇల్లు ఒక ముసలావిడది. ఒంటరి మనిషి, చూపు ఆనదు. వెళ్ళేసరికి వంటగదిలో గిన్నెలు కొండలా పడున్నాయి. మన పిల్ల కదా, పెద్దావిడ ఇల్లు అలా ఉంటే చేతులు కట్టుకుని కూర్చుంటుందా? గిన్నెలన్నీ తోమి, అరలు తుడిచి, డబ్బాలన్నీ వరసలో సర్దేసింది. ముసలావిడకి నోట మాట రాలేదు! ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

“ఏమైంది?” అన్నాడు టైలరు.

“పక్కింటావిడ తొంగి చూసింది. అమ్మా, మా ఇల్లు కూడా అంది. ఎదురింటాయన, మాది కూడా అన్నాడు. అది ఏడంతస్తుల మేడ, అంతస్తుకి పన్నెండు ఇళ్ళు, సాయంత్రం అయ్యేసరికి ఎనభై నాలుగు వంటగదులూ అద్దాల్లా మెరుస్తున్నాయి.”

“హోల్డాన్!” అన్నాడు కండక్టరు. “ఒక్క సాయంత్రమా?”

“చలికాలం కాదుగా, అక్కడ పొద్దు చాలాసేపు ఉంటుంది. నువ్వు మధ్యలో బెల్లు కొట్టకు. గిన్నెలు తోముతూ ఊరుకుందా? ఒక్కో ఇంట్లో మొగుడూ పెళ్ళాం గొడవ విని, ఇద్దరికీ నాలుగు మంచి మాటలు చెప్పి వచ్చింది. మర్నాటి నుంచి ఆ మేడలో పోట్లాటల్లేవు. వారం తిరిగేసరికి ఆ పేటలో లేవు. నెల తిరిగేసరికి ఊళ్ళోనే లేవు. పోలీసులకి పని లేక స్టేషను గదులు అద్దెకిచ్చారు. కోర్టు ముందు లాయర్లందరూ నల్లకోట్లు తాకట్టు పెట్టేసి, మా పిల్ల దగ్గరకొచ్చి, తల్లీ, ఒక్క తగువైనా మిగల్చమ్మా, పిల్లలు గలవాళ్ళం అని కాళ్ళావేళ్ళా పడ్డారు.”

గేటు దగ్గర టైలరు కూతురికి నవ్వొచ్చింది. ముక్కు తుడుచుకుంటూనే నవ్వింది. ఆ నవ్వు చూశాక ఇంక నన్ను ఆపేవాడెవడు?

“ఆఖరికి జడ్జిగారే వచ్చాడు. మా అత్తగారికీ నాకూ పద్దెనిమిదేళ్ళుగా మాటల్లేవమ్మా అన్నాడు. మా పిల్ల ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి అరగంట మాట్లాడించింది. అత్తగారు అల్లుణ్ణి పట్టుకుని ఏడ్చిన ఏడుపు పక్క దేశంలో వినపడింది.”

“మరి పక్క దేశం వాళ్ళు ఏమన్నారు?” అన్నాడు కండక్టరు, నవ్వు ఆపుకుంటూ.

“ఏమంటారు, మాకూ పంపండని రాయబారిని పంపారు! ఇటువాళ్ళు ఇచ్చేది లేదన్నారు, అటువాళ్ళు కావాలన్నారు, రెండు దేశాలకీ యుద్ధం వచ్చేలా ఉంటే, ఆ రెండు దేశాల పెద్దల్నీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి రాజీ చేసింది కూడా మా పిల్లే! మంత్రి పదవి ఇస్తాం ఉండిపోమ్మా అన్నారు. పరీక్షలున్నాయండీ అంది. తిరిగొచ్చే రోజున ఊరు ఊరంతా విమానాశ్రయానికొచ్చి ఏడుస్తే, రన్‌వే మీద కన్నీళ్ళు మోకాలి లోతు! విమానం చక్రాలు జారిపోతున్నాయి. పైలట్ వచ్చి, అమ్మా, మీరొకసారి దిగి నవ్వుతూ చెయ్యూపితే గానీ మనం ఎగరలేం అన్నాడు. దిగి ఊపింది. అప్పుడెగిరింది విమానం!”

చెప్పి, గెలిచినవాడిలా టైలరు వైపు చూశాను. చప్పట్లు కొడతాడనుకున్నాను.

ఆయన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకున్నాడు.

“నాకర్థమైంది అన్నయ్యా,” అన్నాడు నెమ్మదిగా. “నువ్వు పెంచి చెబుతావని నాకు తెలుసు. పదో వంతే నిజమనుకుందాం. ఆ పదో వంతు కూడా మా పిల్ల వల్ల కాదు. బల్లిని చూస్తే మంచమెక్కుతుంది. కొట్టుకొచ్చిన ఆడవాళ్ళని కొలత అడగాలంటే నా వెనక నక్కుతుంది. అలాంటి చోట్లకి వెళ్ళాల్సింది మీ పిల్లలాంటి గట్టివాళ్ళు. మాది అక్కడ ఏదో తప్పు చేసి నలుగురిలో మాటలు పడుతుంది. వద్దులే.”

ధైర్యం చెప్పబోయి ఉన్న ధైర్యం కాస్తా ఊడగొట్టాను. గేటు దగ్గర ఆ పిల్ల మొహం మళ్ళీ ముడుచుకుపోయింది. అటు చూడలేక పేపరు మడత పెట్టాను, మళ్ళీ విప్పాను.

“మావయ్యా,” అని వెనక నుంచి వినబడింది.

మా మేనకోడలు. గుమ్మంలో గరిటెతో నిలబడి ఉంది. ఎప్పట్నుంచి వింటోందో ఏమో.

“ముసలావిడకి నోట మాట రాలేదన్నావే, ఎందుకు రాలేదో చెప్పవేం?”

“అదంతా ఇప్పుడెందుకమ్మా,” అన్నాను గొణుగుతూ.

“ఇప్పుడే కావాలి.” వచ్చి టైలరు పక్కన మెట్టు మీద కూర్చుంది. “బాబాయ్, నేను సర్దింది ఒక్కటే వంటగది. అదీ అడక్కుండా సర్దాను. పెద్దావిడ పని చేసుకుంటుంటే మనం కూర్చోవడమేమిటని మనింట్లో నేర్పారు కదా, అదే పట్టుకుపోయాను. ఆవిడకి చూపు ఆనదు. ఏ డబ్బా ఎక్కడుందో చేతి గుర్తు మీద బతుకుతోంది. పొయ్యికి ఎడమ పక్క చక్కెర, కిటికీ దగ్గర గుండె మాత్రలు. నేనన్నీ చిన్నా పెద్దా చూసి వరసలో పెట్టేశాను. మర్నాడు టీలో ఉప్పు పోసుకుంది. మధ్యాహ్నం దాకా మాత్రలు దొరకలేదు.”

“అయ్యో,” అన్నాడు కండక్టరు. ఈసారి నవ్వలేదు.

“ఆఫీసుకి ఫోన్ చేసి తిట్టింది. ఆ పిల్ల మళ్ళీ నా గుమ్మం తొక్కకూడదంది. ఆ రోజు బాత్రూములో కూర్చుని ఏడ్చాను. నన్ను వెనక్కి పంపించేస్తారనుకున్నాను.”

“పంపలేదా?” అన్నాడు టైలరు.

“లేదు బాబాయ్. మా మీద ఒక పెద్ద మేడమ్ ఉంటుంది. వారానికో గంట ఎదురుగా కూర్చోబెట్టుకుని ఏం చేశావు, ఎందుకు చేశావు, ఆ ముసలావిడ స్థానంలో నువ్వుంటే ఏమనిపించేది అని అడుగుతుంది. ఆ గంట కూడా చదువులో భాగమే. తిట్టదు, కానీ తప్పించుకోనివ్వదు. తప్పంతా రాయమంది. రాశాను. ముసలావిడ దగ్గరకి మళ్ళీ వెళ్ళమంది. వెళ్ళాను. నాలుగు గురువారాలు తలుపు తియ్యలేదు. బయట మెట్ల మీద గంట కూర్చుని, వెళ్ళొస్తానండీ అని చెప్పి వచ్చేదాన్ని. అప్పుడు ఈ మావయ్యకి ఫోన్ చేస్తే, తన చిన్నప్పుడు తుపానుని చేత్తో ఆపిన కథ చెప్పి నవ్వించేవాడు.”

“ఆపాను,” అన్నాను. ఎవరూ పట్టించుకోలేదు.

“ఐదో గురువారం తలుపు తీసింది. నేను లోపలికెళ్ళి, ఏం చెయ్యమంటారని అడిగాను. అంతే, వేరే ఏమీ అనలేదు. ఆవిడ కుర్చీలో కూర్చుని ఏది ఎక్కడుండాలో చెబుతుంటే, కళ్ళు మూసుకుని ఒక్కొక్కటీ పెట్టాను. సగం మాటలు నాకు అర్థం కాలేదు. అడిగితే రెండోసారి చెప్పేది, మూడోసారి విసుక్కునేది. ఐదు నెలల్లో నేను చేసిన ఘనకార్యం అదొక్కటే బాబాయ్. జడ్జిగారినైతే నేను చూడనేలేదు.”

టైలరు మెడలోని టేపుని వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు.

“నేను పని నేర్చుకునేటప్పుడు,” అన్నాడు ఉన్నట్టుండి, “మొదటి నెలలో ఒక చొక్కాకి రెండు చేతులూ ఎడమవే కత్తిరించాను. ఖరీదైన గుడ్డ. మా గురువు దాన్ని చూసి, కూర్చో, ఎక్కడ తప్పావో నువ్వే చెప్పు అన్నాడు. చెప్పేదాకా లేవనివ్వలేదు. నన్ను వెళ్ళగొట్టలేదు.”

“మరి?” అన్నాడు కండక్టరు.

“మరేముంది. అలాగే వచ్చింది ఈ పని.” మా మేనకోడలి వైపు తిరిగాడు. “తప్పు చేస్తే కూర్చోబెట్టి అడిగేవాళ్ళు అక్కడున్నారంటావు.”

“ఉన్నారు బాబాయ్.”

“ఏడిస్తే?”

“ఏడవనిస్తారు. ఫోన్ చెయ్యడానికి నేనుంటాను.”

“నేనూ ఉంటాను!” అన్నాను. “తుపాను కథ ఒక్కటేనా, నా దగ్గర భూకంపం కూడా ఉంది!”

టైలరు గేటు వైపు చూశాడు. “ఏమ్మా, అలాంటి ముసలావిడ తలుపు తియ్యకపోతే మెట్ల మీద కూర్చోగలవా?”

ఆ పిల్ల తలెత్తింది. “కూర్చుంటాను నాన్నా. మెట్ల మీద బల్లులుంటే కాస్త దూరంగా కూర్చుంటాను.”

అందరం నవ్వాం. టైలరు కూడా నవ్వాడు, కానీ కళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు. జేబులోంచి కాగితం తీసి, మడతలు విప్పి, మోకాలి మీద చేత్తో ఇస్త్రీ చేశాడు. కండక్టరు జేబులో పెన్ను రాయకపోతే నా పెన్ను ఇచ్చాను. ఆయన సంతకం పెట్టడానికి అర నిమిషం పట్టింది. గుడ్డ మీద గీత గీసినట్టు, ఎక్కడా చెయ్యెత్తకుండా పెట్టాడు.

“మాటలతో కడుపు నిండేవాళ్ళు బయటే ఉండండి, మిగతావాళ్ళు లోపలికి రండి!” అని మా ఆవిడ లోపల్నుంచి కేకేసింది. టైలరు ఇంటికెళ్ళొస్తామన్నాడు. మా ఆవిడ ఒప్పుకుంటేగా! ఆరుగురం కింద వరసగా కూర్చున్నాం. అన్నం వడ్డించారు, కూర వచ్చింది. అందరం ఆకలి మీదున్నాం.

“ఐదు నెలలు కదూ,” అన్నాడు టైలరు, ఎవర్నీ చూడకుండా.

“ఐదే నాన్నా.”

ఆయన తన కంచంలో కూర సగం తీసి కూతురి కంచంలో వేశాడు. వద్దు నాన్నా అనబోయి, ఆ పిల్ల ఊరుకుంది. నేను ఏదో అందామని నోరు తెరిచాను, మా ఆవిడ చూసిన చూపుకి ఆ తెరిచిన నోట్లో ముద్ద పెట్టుకున్నాను.