పదిహేడో నంబరు కవరు

1993 జూన్ 14న మా ఆసుపత్రి స్కానింగు విభాగంలో చేరిన డాక్టరమ్మగారు ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్నారు. ఫిల్ముల గది గుమాస్తాగా వారి వద్ద పనిచేస్తున్న నన్ను పందొమ్మిదేళ్లుగా ఒక సందేహం వదలడం లేదు. నేను చేసిన తప్పు వారికి తెలుసా, తెలియదా?

చేరిన కొత్తలోనే వారు ఒక అట్టపెట్టె తెప్పించి, దానిమీద ‘వేషగాళ్లు’ అని రాశారు. పొట్టలో పెరిగే గడ్డల్లో కొన్ని అచ్చం క్యాన్సర్‌లా కనిపించినా ప్రాణం తియ్యవు. అటువంటి అరుదైన వాటి ఫిల్ములను నంబర్లు వేసి అందులో దాచేవారు. విభాగాధిపతి అయ్యాక కూడా, బొమ్మ చూసేముందు రోగి పక్కన స్టూలు వేసుకుని కూర్చునే అలవాటు మానలేదు.

పందొమ్మిదేళ్ల కిందట మా ఇంటావిడకు కడుపునొప్పి వచ్చినప్పుడు, స్కానింగులో అక్కడక్కడా గడ్డలు కనబడ్డాయి. క్యాన్సర్ పాకిపోయిందని సర్జనుగారు తేల్చేశారు. డాక్టరమ్మగారు మాత్రం పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, ఆమె పొట్టమీది పాత కుట్టుమచ్చ చూసి ఆగారు.

“ఇదెప్పటిదమ్మా?”

“చిన్నప్పుడు గోడమీంచి పడ్డానండీ. లోపల ఏదో పగిలిందని తీసేశారు.”

“ఏదో అంటే?”

“నాకేం తెలుసు? తీసినవాళ్లు నాకు చూపిస్తేగా!”

డాక్టరమ్మగారు పకపకా నవ్వి నావైపు తిరిగారు. “భయపడకండి. అప్పుడు పగిలిన ప్లీహం ముక్కలు పొట్టలో అక్కడక్కడా అతుక్కుని బతుకుతున్నట్టున్నాయి. ఇంకో పరీక్ష చేసి చూద్దాం.”

ఆ పరీక్షకు మూడు రోజులు పట్టింది. దేవుణ్ణి నమ్మినంతగా నేను వారిని నమ్మలేకపోయాను. ఎవరు ఫిల్ము తీసుకెళ్లినా రిజిస్టరులో సంతకం పెట్టించుకునే నేను, సంతకం పెట్టకుండానే మా ఇంటావిడ ఫిల్మును ఇంకో పెద్ద డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన కూడా క్యాన్సరే అన్నారు. మూడోరోజు పరీక్షలో అవి ప్లీహం ముక్కలేనని తేలింది. మా ఇంటావిడ ఈనాటికీ నిక్షేపంగా ఉంది. నేను మాత్రం సిగ్గుతో ఆ ఫిల్మును దేవుడి అలమర వెనకే ఉంచేశాను. నా ప్రార్థన వినబట్టే దేవుడు ఆ స్టూలుమీద వారిని కూర్చోబెట్టాడేమోనన్న ఆలోచన మాత్రం చాలా తర్వాత వచ్చింది.

వారి పదవీ విరమణ సంచికకు ఈ వ్యాసం రాయమన్నాక ఇక దాచలేక, మొన్న సోమవారం ఫిల్ము పట్టుకుని వారి గదికి వెళ్లాను. వారు ‘వేషగాళ్లు’ పెట్టె తెరిచి పదిహేడో నంబరు కవరు నా చేతికిచ్చారు. లోపల వారి దస్తూరీతో, రంగు మారిన చీటీ ఒకటి ఉంది: ‘గుమాస్తాగారి దగ్గరుంది. తొందర లేదు.’

“మరి ఇన్నేళ్లూ అడగలేదేమమ్మా?”

“అడిగితే తెచ్చిచ్చేసి, మొహం చాటేసేవారు. ఇంట్లో ఆవిడ ఎలా ఉన్నారు?”

“నన్ను తిట్టేంత ఓపికతో ఉందమ్మా!”

వెయ్యిమంది భయాన్ని తీర్చిన ఆ చల్లని చూపు తగ్గకుండా, వారు కుటుంబసమేతంగా, ఆయురారోగ్యాలతో నిండు నూరేళ్లు హాయిగా గడపాలని ఆ భగవంతుణ్ణి వేడుకుంటున్నాను. పదిహేడో నంబరు ఫిల్ము కవరులో చేరింది. రిజిస్టరులో ‘తిరిగి అందింది’ అని రాసి, పందొమ్మిదేళ్ల కిందట పెట్టవలసిన సంతకం పెట్టాను.