పదో అడ్మిషన్

నందికొట్కూరు దగ్గరి ఒక పల్లె. చర్చి పక్క సందులో జీవమ్మ ఇల్లు. సాయంత్రం నాలుగు దాటింది. ప్రైవేటు డిగ్రీ కాలేజీ లెక్చరర్ రాఘవేంద్రప్రసాద్ బైకు దిగి, చెమటైనా తుడుచుకోకుండా జీవమ్మను అడగడం మొదలుపెట్టాడు.

"ఒరిజినల్సు, రెండు ఫోటోలు. ఇంతేనమ్మా. మిగతాదంతా మేం చూసుకుంటాం."

"వచ్చినోళ్లంతా ఇదే మాట అంటాండారు సార్. ముందు కూచో. ఆ స్టూలు మీద... ఆ, అదీ ఒక కాలేజీవాళ్లు ఇచ్చిందే. సోమవారం వచ్చినారు."

"మరి ఆ కుక్కరు?"

"మంగళవారం కాలేజీది. గొడుగు బుధవారంది. నువ్వేం తెచ్చినావు సార్?"

"నేను... విద్య తెచ్చాననుకోండి."

"అంటే ఏమీ తేలేదు."

"మా కాలేజీ వేరమ్మా! బస్సు మీ చర్చి గేటు దాకా వస్తుంది. మీ పాస్టరు గారిని అడగండి, ఆయనే చెప్తారు."

"చర్చిలో ఫ్యాను రెక్కల మీద ఇంకో కాలేజీ పేరుండాది సార్. ఆయన మీది చెప్తాడా?"

"సరే, అది వదిలేయండి. మీ ప్రేమజ్యోతి ఇంటర్లో ఎంత బాగా పాసయ్యింది! బీయస్సీ డేటా సైన్సులో వేద్దాం."

"అదేం చదువు?"

"శానా గొప్ప చదువు."

"ఎవురు చెప్తారు?"

"చెప్పే సార్ ఇంకా రాలేదు. వచ్చేదాకా... నేనే."

"నువ్వు చదివింది అదేనా?"

"కాదు. ఎకనామిక్స్. ఎమ్మే, పీహెచ్‌డీ."

"పీహెచ్‌డీ అంటే ఏం చేసినావు సార్?"

"ఏడేండ్లు పరిశోధన చేశాను. సీమ పల్లెల్లో పిల్లలు ఇంటర్ తర్వాత చదువు ఎందుకు మానేస్తున్నారని."

"ఎందుకంట?"

"నాలుగు వందల పేజీలు రాశానమ్మా."

"పేజీలెన్నో అడగలే సార్. ఎందుకంట?"

"...పాపను పిలవండి. ఒక్క సంతకం పెడితే చాలు."

"ఇంట్లో లేదు. పొద్దున్నే ఆత్మకూరు పక్క పల్లెలకు పోయినాది."

"ఈ ఎండలోనా? ఏం పని మీద?"

"వస్తాది లే. మజ్జిగ తాగు."

"మజ్జిగ వద్దమ్మా! నీకు దాచేదేముంది. ఈపొద్దు అయిదు గంటల లోపల పది మందిని చేర్చాల. తొమ్మిది మందిని తెచ్చినా. పదోది లేకుంటే రేపట్నుంచి నాకు క్లాసు లేదు, కుర్చీ లేదు."

"అంటే సీటు కావల్సింది నా బిడ్డకు కాదు, నీకు."

"అట్లే అనుకో. కాళ్లు పట్టుకోమంటావా?"

"అయ్యో, అంత చదివినోడివి! తొమ్మిది మంది కోసం ఎన్నాళ్లు తిరిగినావు సార్?"

"నలభై రోజులు."

"పాపం. మా యమ్మి ప్రేమజ్యోతి పదైదు రోజుల్లో అరవై మందిని చేర్చినాది."

"...ఏమన్నావు?"

"పోయిన నెల ఒక కాలేజీ పెద్దసారు ఇట్లే వచ్చినాడు. ఇది ఊరుకుంటాదా? లెక్కలు ఎవురు చెప్తారు, ల్యాబు యాడుంది, పోయినేడు ఎంతమంది పాసైనారు అని అడిగినాది. ఆయప్ప తెచ్చిన ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. 'ఇంత మాటకారివి, నీకు చదువెందుకు పాపా, నువ్వే మాకు పిల్లల్ని తే' అన్నాడు. బండి ఇచ్చినాడు. ఇదో, కార్డు కూడా కొట్టించినాడు, చూడు."

"ప్రేమజ్యోతి... అడ్మిషన్ల ఆఫీసరు! ఇంటర్ పాసైన పిల్లకా?"

"అది చదువుతాననే ఉండె సార్. ఎవురు చెప్తారని ఆరు కాలేజీల వాళ్లను అడిగినాది. ఒక్కరూ చెప్పలే."

"అయితే ఈ స్టూలు, ఈ కుక్కరు ఎందుకు తీసుకున్నావు?"

"ఏ కాలేజీ ఏమిస్తాందో చూసి పెట్టమని పాపే చెప్పినాది."

"మరి నన్నెందుకమ్మా ఇంతసేపు కూర్చోబెట్టినావు? అయిదు కావస్తాంది! వేరే ఇంటికన్నా పోయేవాణ్ణి గదా!"

"కోప్పడాకు సార్. నీ మాదిరి సారెవురన్నా వస్తే పోనీయొద్దనీ అదే చెప్పినాది. దాని కింద ఒక మనిషి కావాలంట. ఊర్లు తెలిసినోడు, సొంత బైకు ఉండేటోడు."

"...చదువు ఎంత ఉండాలంట?"

"ఇంటరు చాలంట. పీహెచ్‌డీ మాట మాత్రం యాడా ఎత్తాకు, పెద్దసారు బెదురుకుంటాడు."

"ఇంకేం కావాలంట?"

"ఒరిజినల్సు, రెండు ఫోటోలు. ఇంతే సార్. మిగతాదంతా మా పాప చూసుకుంటాది."