దోమ దూరని సర్వర్లు

రక్తపరీక్షల ల్యాబ్ నడిపే మరదలికి ఆ సాయంత్రం ఒకటే బెంగ. పక్క వీధి ల్యాబ్ కంప్యూటర్లలోకి ఎవడో చొరబడి రోగుల రిపోర్టులన్నీ మూటగట్టుకుపోయాడు. తన దగ్గరున్న కంప్యూటర్లన్నీ లినక్స్‌తో నడిచేవే గానీ ఒకదాని పోలిక ఒకదానికి లేదు. వాటి కాపలా పని సర్వర్ల ఉద్యోగం చేసే బావకివ్వాలా, బయటివాళ్ళకివ్వాలా? అది తేల్చుకోవడానికే అక్క ఇంటి వరండాలో టీ గ్లాసు పట్టుకుని కూర్చుంది. ఎదురింటి ఎలక్ట్రీషియన్ కూడా అక్కడే చేరాడు.

బావ నెమ్మదిగానే మొదలెట్టాడు. ఆఫీసులో ఓ పాత సర్వర్‌కి వైరస్‌ని పట్టే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ ఎక్కించాడట, అంతే. అయితే ఈ లినక్సులున్నాయే, ఇవి ఒకింటి తోడికోడళ్ళట. ఏదైనా ఎక్కించాలంటే ఒకదానికి ఆప్ట్ అని ఆజ్ఞాపిస్తేనే చెవికెక్కుతుంది, ఇంకోదాని దగ్గర ఆ మాటెత్తితే మూతి తిప్పుకుని డీఎన్ఎఫ్ అనమంటుంది, మూడోది జిప్పర్ అంటే తప్ప పలకదు. బయటివాళ్ళెవరూ తనకింత విడమర్చి చెప్పలేదని మరదలికి అనిపించింది.

"అప్పుడేం చేశానో తెలుసా? మూడు రకాల మెషిన్లనీ ఒకేసారి అందుకున్నా. రెండు చేతులతో రెండు కీబోర్డులు, మూడోది మోచేత్తో."

"మోచేత్తో అక్షరాలెలా పడ్డాయండీ?" అన్నాడు ఎలక్ట్రీషియన్.

అలవాటన్నాడు బావ. ఇక పగ్గాల్లేవు. ఆ ప్యాకేజీ సర్వర్‌ని కడిగేసి ఊరుకోక, వైరు పట్టుకుని ప్రింటర్లోకి పాకిందట, అక్కణ్ణుంచి లిఫ్టులోకి, లిఫ్టెక్కి టీ మెషిన్లోకి. పాస్‌వర్డ్ చెప్పందే టీ చుక్క రాల్చలేదట. చివరికి, సర్వర్ పక్కన నిలబడ్డ పాపానికి, మేనేజరుకి పదేళ్ళ జలుబు వదిలిపోయిందట.

"ఇదంతా ఒక ఎత్తు. ఓ రోజు ఇంట్లో మంచం మీద కూర్చుని, ఊరవతల ఆఫీసులో ఉన్న సర్వర్లన్నిటికీ ఒక్క దెబ్బతో ఫైర్‌వాల్ బిగించా. లోపలికెళ్ళే దారులన్నీ బంద్. దోమ దూరితే ఒట్టు. గాలి కూడా నా అనుమతి అడిగాకే లోపలికెళ్ళింది."

మరదలు గ్లాసు కింద పెట్టింది.

"దారులన్నీ మూసినప్పుడు నువ్వెక్కడున్నావు బావా?"

"చెప్పాగా, మంచం మీద."

"అంటే బయట."

అక్క నింపాదిగా అందుకుంది. "చొక్కా తిరగేసి తొడుక్కుని ఆఫీసు బస్సు వెంట పరుగెత్తింది ఆ రోజేనా?"

ఎలక్ట్రీషియన్‌కి టీ పొలమారింది.

"చూశారా మరి," అన్నాడు బావ, ఏమాత్రం తగ్గకుండా. "కట్టినవాణ్ణే రానివ్వలేదంటే ఎంత గట్టి గోడో. మీ దొంగలొక లెక్కా?"

మరదలు నవ్వేసింది. ఆ ఒక్క ముక్క మాత్రం అబద్ధం కాదు. పైగా తోడికోడళ్ళ గుణాలన్నీ తెలిసినవాడు.

"రేపు పొద్దున్నే మా ల్యాబ్‌కి రా బావా. ఎంత గట్టిగా మూస్తావో నీ ఇష్టం. లోపల కూర్చుని ముయ్యి."